అనుచరవీరులు - వీరనామ దాయభాగము

అలంకారశాస్త్రమున నాయకునకు సహాయులుగా పీఠమర్ద విట చేట విదూషకులను చెప్పుట విద్యార్థిదశనుండి మనకు పరిచితమైన విషయము. దశరూపకకర్త యగు ధనంజయుడు పతాకానాయకునే పీఠమర్దు డన్నాడు. అతడు ప్రధాననాయకునియందు భక్తి గలవాడు, గుణములలో అతనికంటె కొంచెము తక్కువవాడు. రామకథలో సుగ్రీవుడును, మాలతీమాధవమున మకరందుడును ఇందుకు లక్ష్యములు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడును ఈ సంప్రదాయమునే అనుసరించినాడు. కాని ఈ లక్షణమును చేతబట్టుకొని తెలుగు వీరగాథల యొద్దకు పోయినచో అది చాలుట లేదు. గాథలోని సహచరుడు నాయకునికంటె ముందు మరణించును. లేదా నాయకుని అనంతరము అతని స్థానమును గ్రహించును. ఒక్కొక్కచో అతని పేరే నాయకునియందు లీనమై కనుమరుగగును. లాక్షణికు లీ విషయములను చర్చింపకుండుటకు కారణము స్పష్టమే. వారి నాటకములలో ప్రధాననాయకుని వధ నిషిద్ధము. నాయకుడు చావనిచోట వారసుని ప్రశ్న పుట్టదు. మన గాథలలోనో, నాయకుడు చచ్చుటకే పుట్టినాడు.

ఈ ప్రశ్నను స్పష్టముగ చూచుటకు, పండితులు సామాన్యముగ చేతబట్టని ఒక దూరదేశపు సాహిత్యము ఉపకరించునని మేము భావించుచున్నాము. అవి అమెరికాదేశపు బొమ్మలకథల పుస్తకములు, జనులు కామిక్కులని పిలుచునవి. వీనిని పిల్లల వినోదమని త్రోసివేయవచ్చును. కాని జానపదగాథను పామరుల పాటయని మన పెద్దలు త్రోసివేసిన కాలము మరీ దూరమున లేదు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో వెలువడువరకు ఆ పాటకు విశ్వవిద్యాలయపు గడప లోపల పీట వేయుట కెందరో సందేహించిరి.

1939లో మొదలైన బ్యాట్‌మన్ కథలకు మరుసటి యేడే రాబిన్ అను బాలసహచరుడు చేర్చబడెను. చీకటిలో ఒంటరిగ తిరుగు వీరుడు తన ఆలోచన నెవరితో చెప్పుకొనగలడు? బొమ్మలో మాట పలుకవలెనన్న వినువా డొకడు కావలెను. కనుక రాబిన్ మొదట శ్రోత. పిదప అతడు వారసుడయ్యెను. తొలి రాబిన్ పెరిగి పెద్దవాడై 1984లో ఆ వేషమును విడిచి నైట్‌వింగ్ అను వేరుపేరు దాల్చగా, రాబిన్ పేరు జేసన్ టాడ్ అను మరొక బాలునకు సంక్రమించినది. ఈ రెండవవాడు బ్రతుకవలెనా చావవలెనా యను నిర్ణయమును 1988లో ప్రకాశకులు పాఠకులకే వదలిరి. టెలిఫోను మూలమున వచ్చిన ఓట్లలో 5,343 చావునకును, 5,271 బ్రతుకునకును పడినవి. 72 ఓట్ల తేడాతో ఆ బాలుడు కథలో చంపబడెను. మరుసటి యేడే మూడవ బాలుడు ప్రవేశించెను. ఇట్లే ఫ్లాష్ అను వీరుని శిష్యుడు వాలీ వెస్ట్ 1959లో చిన్నవేషముతో కనబడి, 1985లో గురువు మరణించిన పిమ్మట గురువు పేరును ఉడుపును తానే ధరించినాడు. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ కథలో ఇది మరింత స్ఫుటము. 1536 మొదలు తండ్రి ముసుగును కొడుకు ధరించుచు వచ్చినాడు. మనము చదువు కథలలోనివాడు ఇరువదియొకటవవాడు. అడవిజనులు మాత్రము అతడొక్కడే యనియు, చావులేనివాడనియు నమ్ముదురు. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ మూలమున ఈ కథ మన దేశమునను ప్రచారము పొందినది.

ఇందు మేము గ్రహించునది వీరుడు వేరు, వీరనామము వేరు అనునది. నామ మొక ఆస్తి. ఆస్తి యన్నపుడు యజమాని ఉండును, దాయాదులుందురు, తగవు లుండును. కామిక్కులలో ఆ యజమాని ప్రకాశకసంస్థయే. పేరు అమ్ముడుపోవుచున్నంతకాలము దానిని ధరించువా డొకడు దొరకుచునే యుండును. అందువలననే రాబిన్ మరణించినను రాబిన్ మరణింపడు. మన గాథలలో ఆ ఆస్తికి యజమాని యెవరు? ఈ వ్యాసమునకు విషయ మిది.

ఆలేరునకు సమీపముననున్న కొలనుపాక జైనులకును వీరశైవులకును పూజ్యక్షేత్రముగ ప్రసిద్ధము. మొగలుల పాలనమున అది ఒక ఫౌజుదారుని స్థానముగ గూడ నుండెను. పారసీక రచనలలో కుల్పాకు అనునది ఇదియే. పదునెనిమిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో హైదరాబాదు ఉపపాలకుడైన రుస్తుందిల్‌ఖాను ఆజ్ఞచే ఒక బందిపోటును పట్టబోయి, కుల్పాకు ఫౌజుదారైన ఖాసింఖాను పోరులో హతుడయ్యెను. ఆ బందిపోటు సర్వాయి పాపడు. నేడు జనులు గౌరవముతో సర్దార్ సర్వాయి పాపన్న యని పిలుచు వీరుడితడే. ఆలేరునుండి ఓరుగల్లు పోవు త్రోవలో జనగామ దాటిన పిమ్మట రఘునాథపల్లె మండలమున ఖిలాషాపురపు కోట యిప్పటికిని కలదు.

అతని చరిత్ర స్థూలముగ అందరెరిగినదే. గౌడకులమున పుట్టి, కులవృత్తిని విడిచి, తరికొండలో కోటకట్టి దారులు దోచినాడు. అక్కడ నిలువలేక కౌలాసు జమీందారు వెంకటరావు కొలువున చేరి, అచ్చటను దోపిడి మానక చెరబడి, ఆ రాణి తన బిడ్డ రోగము కుదురుటకై బందీలను విడిపించినపుడు బయటపడినాడు. తిరిగి భువనగిరి ప్రాంతమునకు వచ్చి షాపురమున స్థిరపడినాడు. 1708 ఏప్రిల్ 1న ఓరుగల్లును, ఆ తరువాత భువనగిరిని కొల్లగొట్టినాడు. 1709లో హైదరాబాదునకు వచ్చిన బహదూర్‌షా చక్రవర్తి సమక్షమున కానుకలర్పించి ఖిల్లతు పొందినాడు. ఆ మన్నన నిలువలేదు. నగరమునందలి పెద్దల ఫిర్యాదుపై చక్రవర్తి మనసు మారి సైన్యము కదలినది. యూసుఫ్‌ఖాను ముట్టడితో కోటలు కూలినవి. 1710లో పాపడు పట్టుబడి వధింపబడినాడు. ఖిల్లతు అనునది పాలకుడు తొడుగు ఉడుపు. దానిని తొడిగినవాడు ఆ క్షణమునుండి బందిపోటు గాడు, నాయకుడు. కామిక్కువీరుని ముసుగునకును దీనికిని గల సామ్యము పైపైది గాదు. అయితే ముసుగును శిష్యుడు ధరింపవచ్చును. ఖిల్లతు ఇచ్చినవాని దయయున్నంతవరకే ఖిల్లతు.

ఈ చరిత్రలో మా దృష్టి నాకర్షించినది పాపడు గాక అతని ప్రక్కనున్నవాడు. షాపురమున పాపని కలిసికొన్న పాత సహచరుడొకడు ఖాఫీఖాను రచనలో కనబడును. అతని పేరు సర్వా. రుస్తుందిల్‌ఖాను స్వయముగ షాపురమును ముట్టడించినపుడు తప్పించుకొనిపోయినవారు పాపడొక్కడే కాదు, పాపడును సర్వాయును. పిదప కోటను రాతితో సున్నముతో మరల కట్టినవారును వీరిద్దరే. తరువాత సర్వాయు, పుర్‌దిల్‌ఖాను అను మరియొక అనుచరుడును తమలో తాము కలహించి ద్వంద్వయుద్ధమున గాయపడి మరణించిరి. అప్పటినుండియే పాపడు దండునకు ఏకైకనాయకుడు. అనగా రాజ్యపక్షపు చరిత్రకారుని దృష్టిలో ఇది తొలుత ఒక్కని తిరుగుబాటు గాదు, జంట తిరుగుబాటు.

గాథలో ఈ సర్వా ఎక్కడ? మేమెరిగినంతవరకు ప్రత్యేకపాత్రగ అతడు కానరాడు. నాయకుని పేరు మాత్రము సర్వాయి పాపడు. జనశ్రుతి దీనిని తల్లి పేరైన సర్వమ్మతో అన్వయించును. ఆ అన్వయమును కాదనుటకు మాకు సాహసము లేదు. తల్లిపేరు ఇంటిపేరువలె ముందు చేరుట మన పల్లెలలో అపూర్వము గాదు. అయినను ఒక ఊహ చేయుదుము. సర్వాపాపలని జంటగ పలుకబడిన పేర్లు, మొదటివాడు మరపునబడిన పిమ్మట, ఒక్కని పేరుగ మిగిలియుండవచ్చును. రామలక్ష్మణులవంటి జంటపదమును ఒక్కనికే పెట్టుకొను అలవాటు మనకున్నది గదా. నిదర్శనము లేనందున దీనిని సిద్ధాంతముగ ప్రతిపాదింపము. ఊహ నిజమైనచో మాత్రము, అనుచరుడు వారసుడగుటకు బదులు నాయకుడే అనుచరుని పేరునకు వారసుడైనాడనవలెను. బ్యాట్‌మన్ మరణించిన రాబిన్ పేరును తన పేరులో కలుపుకొన్నట్టిది.

సర్వా మాయమైనచోట గాథ ఒక పట్టికను నిలిపినది. జె. ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు గాథలను గూర్చి వ్రాయుచు పాపని పాటను విద్వల్లోకమునకు తెలిపినాడు. ఈ గాథలో పాపని అనుచరులు వరుసగ పేర్కొనబడుదురు: హసను, హుసేను, తురక హిమాము, దూదేకుల పీరు, కొత్వాలు మీరుసాహేబు, చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న ఇత్యాదులు. జక్కులవాడును యానాదియు గూడ ఈ వరుసలో నుందురు. 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావుగార్లు కలిసి వ్రాసిన వ్యాసము పారసీక చరిత్రను గాథతో పోల్చినది. 2005లో రిచర్డ్ ఈటన్ తన దక్కను సాంఘికచరిత్రలో ఒక అధ్యాయమును పాపనికే కేటాయించినాడు. ఈ పట్టిక వీరందరి దృష్టిలోను పడినదే. వారు దానిని సమాజచరిత్రకు సాక్ష్యముగ చదివిరి. అది సాధువే. మేము దానిని కావ్యనిర్మాణముగ చదువగోరుచున్నాము.

ఈ పేర్లలో చాలవాటికి రెండు భాగములున్నవి, వృత్తి యొకటి, పిలుపుపేరొకటి. కథలో ఇందు పెక్కురకు ప్రత్యేకకార్యము లేదు. మంగలి మాసన్న ఏ కోట పట్టినాడు, కుమ్మరి గోవిందు ఎవనిని నరికినాడు అని అడుగుట వ్యర్థము. పీఠమర్దులక్షణము వీరికి పట్టదు, పతాకావృత్తాంతము వీరికి లేదు. అయినను పట్టికను తీసివేసినచో గాథ కుంటుపడును. ఏలయన, ఆరుబయట కూర్చుండి పాట వినుచున్న ఊరిజనుల వరుసయే ఆ పట్టిక. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల: ఊరి పనిపాటలవారందరు తమ పేరును పాటలో వినిరి. కామిక్కులలో బాలపాఠకుడు తన్ను తాను ఊహించుకొనుటకు రాబిన్ పాత్ర ఒక్కటి చాలినది. ఊరిలో వినువాడు ఒక్కడు గాడు. కనుక సహచరుడును ఒక్కడు గాడు. పాడువానికి ఈ పట్టికను పెంచుకొనుటకును, కుదించుకొనుటకును వీలున్నది. నేటిరాత్రి ఏ వాడలో పాడుచున్నాడో దానిని బట్టి ఒక పేరు ముందునకు రావచ్చును.

దొంగలముఠాకు కులభేద మెక్కడిది, ఇందు ఆదర్శమేమున్నది అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణలో కొంత బలమున్నది. పాపడు దోచినది ధనికులనే యని చరిత్ర చెప్పుట లేదు, ఓరుగల్లులో చెరబట్టబడిన స్త్రీలును పిల్లలును ఏ పాటలోను గొంతెత్తలేదు. కాని పాపని అంత్యమును గమనింపుడు. షాపురపు చెరలోనున్న ఫౌజుదారు పాపని భార్యకు సోదరుడే. అతనికి ఆకురాళ్లను రహస్యముగ చేర్చి సంకెళ్లు కోసికొను వీలు కలిగించినది ఆ భార్య. చివర గాయపడి మారువేషమున హసనాబాదు చేరిన పాపని ఆనవాలు పట్టి పట్టిచ్చినవాడు ఒక కల్లుగీయువాడు. ఇది గాథ కాదు, శత్రుపక్షపు చరిత్ర చెప్పుమాట. ఇల్లు విడిచినది, వృత్తిబంధువు విడిచినాడు. దండును కట్టియుంచినది రక్తసంబంధము గాదు, కులసంబంధము గాదు అనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

నేడు పాపని పేరునకు దాయాదు లెవరు? ప్రతి సంవత్సరము ఆగస్టు 18న జరుగు జయంతులలో, ఊరూర వెలసిన విగ్రహములలో గౌడసోదరుల కృషియే ప్రధానముగ కనబడును. ఇందు తప్పుపట్టవలసిన దేదియు లేదు. గ్రంథములు దొంగయని వ్రాసినవానిని వీరుడని నిలువబెట్టినది వారి అభిమానమే. ఆ పని మన తెలుగుశాఖలు చేయలేదు. అయితే సాహిత్యవిమర్శకునకు ఒక నష్టము కనబడుచున్నది. గుఱ్ఱముమీద కత్తియెత్తిన విగ్రహమున పట్టికకు చోటులేదు. వీరుడు ఒక కులమునకు మూలపురుషుడైననాడు చాకలి సర్వన్నయు, దూదేకుల పీరును ఆ వంశవృక్షమున ఏ కొమ్మమీద కూర్చుందురు?

పల్నాటి వీరగాథ ఈ దాయభాగమును వేరుగ పరిష్కరించినది. పండ్రెండవ శతాబ్దికి చెందినదిగ చెప్పబడు ఆ పోరు కథను 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిన నాటినుండి పండితు లెన్నియో చర్చలు చేసిరి. శ్రీనాథకర్తృత్వమే అందు పెద్దపాలు. మా ప్రకృతమునకు ముఖ్యమైనది బాలచంద్రుని చుట్టునున్న సోదరబృందము. వివిధకులముల బాలురు అతనికి తమ్ములు. బ్రహ్మనాయుడు మాలకులజుడైన కన్నమదాసును పెద్దకొడుకుగ స్వీకరించెను. చాపకూటిలో అందరు ఒక్కచాపపై భుజించిరి. ఈ తమ్ములలో బ్రాహ్మణుడైన అనపోతురాజు కథ పతాకకంటె పెద్దది. బ్రాహ్మణుడు తనతో వచ్చి పోరున చచ్చినచో బ్రహ్మహత్య చుట్టుకొనునని మాంచాల హెచ్చరింపగా, బాలచంద్రుడు ఒక మిషపై అతనిని వెనుకకు పంపినాడు. ఆ మోసము తెలిసికొన్న అనపోతురాజు ఆత్మహత్య చేసికొనినాడు. దయతో చేసిన పనియే వధగ పరిణమించినది. సహచరుని కులము నాయకునకు గుర్తువచ్చిన ఆ ఒక్క క్షణమున చాపకూడు చినిగినది. పల్నాటికథలో దీనికంటె దుఃఖకరమైన ఘట్టము మాకు కనబడలేదు. బాలచంద్రుని మరణమైనను దీనితరువాతిదే. గాథాకవి దీనిని మతబోధగ మార్చక కథగనే ఉంచుట అతని గొప్పతనము.

యుద్ధానంతరమున రాజ్యము ఎవరికి సంక్రమించినది? శత్రుపక్షమువాడైన నలగామరాజునకు. బ్రహ్మనాయుడు రాజ్యము నతనికే అప్పగించి గుత్తికొండ బిలమున ప్రవేశించినాడు. కొడుకులందరు పోయినారు, రాజ్యదాయము శత్రువుదైనది. వీరదాయము మాత్రము వేరుదారి పట్టినది. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరులగుడియొద్ద కార్తిక అమావాస్యతో మొదలై ఐదుదినములు జరుగు ఉత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని కథ అంతయు మరల నడచును. ఆ దినములలో వీరాచారవంతులు వంశపారంపర్యముగ తమ యొద్దనున్న వీరుల ఆయుధములను, కొణతములను, మోసికొని వత్తురు. ఒక్కొక్క ఆయుధమునకు ఒక్కొక్క వంశము. నాయకుని ఆయుధ మొకరియింట, సహచరుని ఆయుధ మొకరియింట. ఫాంటమ్ కథలో ముసుగు ఒక్కటి, ధరించువా డొక్కడు. ఇచ్చట వీరులెందరో వారసు లందరు. కనుకనే పల్నాటి సహచరులు కరగిపోలేదు. పాపని అనుచరుల కట్టి కొణతము లేవి? వారికి ఉన్నది పాట యొక్కటే.

ఇట మరొక సంగతి చెప్పక తప్పదు. బొమ్మలకథ అమెరికా సొత్తని తలచువారికి ఆలేరు ప్రాంతపువారు నవ్వుకొందురు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఎఱ్ఱని నేలపై వ్రాయు పటము వరుసగడుల బొమ్మలకథయే. పటమును నిలువున వ్రేలాడగట్టి, గడిగడికి విప్పుచు, కర్రతో చూపుచు కథకుడు చెప్పును. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ భావనాఋషుల కథను, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవులకథను, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. చేనేతపట్టుగల ఆలేరువంటి ఊళ్లలో పటము దించిననాడు భావనాఋషి పరాయివాడు గాడు. మగ్గమున కూర్చున్నవాని పూర్వుడు. వీరనామము వంశమునకు సంక్రమించు క్రియ యిదియే. కథకుడు ఏండ్ల కొకసారి వచ్చి ఆ దాయమును క్రొత్తచేయును. ఊళ్లపై అతనికి మిరాశిహక్కు కలదు, అన్నదమ్ములు పంచుకొందురు. చినిగిన పటమును పారవేయరు, నీటిలో నిమజ్జనము చేయుదురు.

ఈ కులపురాణములలో తరచు ఒక విశేషము కనబడును. వీరుని కథ నడచుచుండగ, ఆ వీరుని కులమును ఆశ్రయించిన కథకుల పుట్టుకయు, వారికి దానమడుగు హక్కు సంక్రమించిన విధమును అందులోనే చెప్పబడును. అనగా కథ చెప్పువాడు తానే ఒక అనుచరుడై కథలో ప్రవేశించినాడు. దాత యెదుట నిలిచి, నీ పూర్వుని ప్రక్కన మా పూర్వు డుండెను అని అతడనుచున్నాడు. ఇది అలంకారమని ఉపేక్షింపరాదు, ఇది దస్తావేజు. గాథలలో సహచరునకు ఇంత చోటెందుకు దొరకినదని మేము మొదట లేవదీసిన ప్రశ్నకు సమాధానపు టొక అంచు ఇందున్నది. గాథను మోయువాడు స్వయముగ సహచరుడు. నాయకుడు గుఱ్ఱమెక్కినవాడు, కథకుడు కాలినడకవాడు. కాలినడకవారి పేర్లు మరచుట కతనికి మనసొప్పదు.

మన పరిశోధనలలో గాథల విభజనము ఎక్కువగ నాయకునిని, వస్తువును అనుసరించియే సాగినది. పాఠములను సంకలించునపుడు పేర్లవరుసలను పునరుక్తులని కుదించు అలవాటు ఒకటి యున్నది. పాపని గాథవిషయమున ఈ కుదింపు ప్రమాదకరము. పాడువారి యొద్ద పాఠములను సేకరింపబోవు విద్యార్థులు ఏ యూరిలో, ఏ వాడలో, ఎవరి యెదుట పాడినపుడు ఏ పేరు ముందు వచ్చినది, ఏది జారినది అని గుర్తించుకొనవలెను. అందును చాకలి సర్వన్న యెడ ప్రత్యేకశ్రద్ధ వహింపవలెనని కోరుచున్నాము. ఖాఫీఖాను సర్వాయు, పాటలోని ఈ సర్వన్నయు ఒక్కడేనేమో యను అనుమానము మమ్ము విడుచుట లేదు. పేరొక్కటే యగుట యాదృచ్ఛికము కావచ్చును. కాని ఏ పాఠమునందైనను ఈ చాకలి సర్వన్న ఒక తురకవీరునితో కత్తి కలిపి మరణించినట్లు ఒక్కమాట దొరకినచో, మూడువందల యేండ్లుగ పట్టికలో నిలుచున్న మనిషి షాపురపు కోటకు తిరిగి వచ్చును.